‘చరిత్రలో ఈ రోజు’లో మన డెల్టాకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రికలో రోజూ వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. మా ప్రాంతపు బడుల్లో ఉదయం ప్రార్థన వేళ చదివి వినిపిస్తారు. అంతమంది నమ్మి చదివే శీర్షిక కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మే 15 నాటి జాబితాలో అంతర్జాతీయ కుటుంబ దినోత్సవంతో పాటు శాస్త్రవేత్త పియరీ క్యూరీ (1859), విప్లవవీరుడు సుఖ్‌దేవ్ (1907), నటి మాధురీ దీక్షిత్ (1967), నటుడు రామ్ (1988) పుట్టినరోజులు, 1993లో ఫీల్డ్ మార్షల్ కరియప్ప మరణం ఇచ్చారు. అట్టడుగున ‘1803: సర్ ఆర్థర్ కాటన్ జననం’ అని ఒక్క వరుస ఉంది. అందులో తప్పు లేదు. అయితే గోదావరి జిల్లాలకు వచ్చే సంచికలో సైతం ఆయనకు దక్కవలసింది అంతేనా?

నందన నామ సంవత్సరపు కరవు, కొన్నేళ్లకు 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెన, పక్కనే నిండుగా పారుతూ చేనుకు అందని గోదావరి: ఈ మూడింటినీ చెప్పకపోతే 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఎందుకు వచ్చిందో పిల్లవాడికి తెలియదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమనున్న లంకలను కలుపుకుంటూ దాన్ని కట్టారన్న సంగతి, ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు రెండు వాక్యాల్లో ఇమిడిపోతాయి. సినీతారల జన్మదినాలు రెండు తగ్గినా పాఠకుడికి నష్టమేమీ ఉండదు, వారి శుభాకాంక్షలు సినిమా పేజీలో ఎలాగూ వస్తాయి.

ఒక్కొక్క తేదీ వెనుక కూడా కథ ఉంటుంది. అదే మే 15న, 1618లో, గ్రహగతుల మూడో నియమాన్ని కెప్లర్ కనుగొన్నాడని కొన్నిచోట్ల, మార్చి 8న కనుగొన్నాడని మరికొన్నిచోట్ల కనిపిస్తుంది. రెండూ ఆయన చెప్పుకున్నవే. మార్చి 8న ఆలోచన తట్టింది, లెక్క తప్పి పక్కన పెట్టాడు, మే 15న మళ్లీ లెక్కించి సరిచూసుకున్నాడు. ఇలాంటి చోట ఒక తేదీని ఎత్తి రాసి ఊరుకోకుండా ఆ ముక్క కూడా చెబితే, శాస్త్రం ఎలా నడుస్తుందో ఆ రెండు వరుసల్లోనే తెలిసిపోతుంది.

మన పండుగల విషయంలో ఇంగ్లీషు తేదీ సరిపోదన్నది నిజమే. అంతర్వేదిలో స్వామివారి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవం మర్నాడు భీష్మ ఏకాదశినాడు జరుగుతాయి కనుక ఏటా తేదీ మారుతుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థం కనుమనాడు కాబట్టి దాదాపు స్థిరంగా ఉంటుంది. కార్తెలు కూడా సూర్యుని నడకను బట్టి వచ్చేవే కావడంతో ఒక రోజు అటూ ఇటూ తప్ప కదలవు. మే 15 ఎప్పుడూ కృత్తిక కార్తెలోనే పడుతుంది, మరో పది రోజులకు రోహిణి వస్తుంది. తేదీ పక్కన కార్తె పేరు వేయడానికి పట్టే చోటు ఒక్క మాటంత. వ్యవసాయం మీద బతికే ప్రాంతపు పత్రికలో అది లేకపోవడం నాకు వింతగా తోస్తుంది.

శీర్షిక అడుగున ‘నేటి పదం’ అని రోజుకొక ఇంగ్లీషు మాట ఇస్తున్నారు. దానికి తోడు ఆ రోజుకు తగిన మన మాట కూడా ఒకటి ఇవ్వవచ్చు. మే నెల నడుమకు దాళ్వా (రెండో పంట) కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, పూడిక తీయించి, గుర్రపుడెక్క తొలగించి, సార్వాకు (తొలకరి పంటకు) నీరు వదిలేలోగా లాకులు బాగుచేయవలసిన రోజులవి. కాబట్టి కాటన్ పుట్టినరోజున ‘లాకు’ అనే మాటనే ఇచ్చి, ఎత్తు తేడా ఉన్నచోట తలుపులు మూసి నీటిమట్టాన్ని పెంచీ తగ్గించీ పడవలను దాటించే ఏర్పాటు అదని, ఈ కాలువలు సాగుకే కాక సరుకుల రవాణాకూ తవ్వినవని, ఆ తలుపులు తెరిచి మూసేవారు లస్కర్లని రాస్తే ఎంత బాగుంటుంది!

ఇక పూర్తిగా మరుగున పడుతున్న తేదీలున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసి ఎందరినో పొట్టన పెట్టుకుంది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో పారింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరవేసేది 17 లక్షల దగ్గర అని గుర్తు చేస్తే, ఆనాడు ఏటిగట్లు ఎందుకు తెగాయో ఊహించుకోవచ్చు.

ఆగస్టు 16కు ఇంకా వ్యవధి ఉంది. ఆనాటి జాబితాలో 1946 కలకత్తా అల్లర్లు, 2018లో వాజ్‌పేయి మరణం తప్పక ఉంటాయి, ఉండాలి కూడా. వాటి సరసన 1986 వరదను, ‘నేటి పదం’ దగ్గర ‘ఏటిగట్టు’ను చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పి. గన్నవరం, కోనసీమ.