ఉదారంగా ఇచ్చిన బేస్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న సోమవారం జిల్లా పేజీలో మా బల్లార్షా కుర్రాళ్ల బేస్‌బాల్ మ్యాచ్ గురించి నాలుగు లైన్లు వేశారు, సంతోషం. అందులో 'అవుటైన రన్నర్‌కు అంపైర్ ఉదారంగా బేస్ ఇచ్చారు' అని ఉంది. ఆ అంపైర్‌ని నేనే. బొగ్గు గనిలో ఫిట్టర్‌గా రిటైరయ్యాను, ఉదారంగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

జరిగింది చెబుతాను. బేస్‌బాల్‌లో రన్నర్ ఫస్ట్, సెకండ్, థర్డ్ అనే మూడు బేస్‌లు వరసగా తాకి, చివరికి హోమ్‌కి చేరితే ఒక పరుగు. బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోగానే ఫస్ట్ బేస్ మీదున్న కుర్రాడు సెకండ్ దాటి థర్డ్‌కి పరుగందుకున్నాడు. షార్ట్‌స్టాప్, అంటే సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య కాసే ఫీల్డర్, సరిగ్గా ఆ దారిలో నిలబడి, వెనక్కి తిరిగి బంతి ఎటు పోయిందా అని చూస్తున్నాడు. భుజం భుజం తగిలింది. రన్నర్ తూలి, సర్దుకుని, థర్డ్ దగ్గర ఒక్క అడుగు తేడాతో దొరికిపోయాడు. తగిలిన క్షణంలోనే నేను చెయ్యి చాపి 'అబ్‌స్ట్రక్షన్' అని, అంటే ఫీల్డర్ రన్నర్‌కి అడ్డుపడ్డాడని అరిచాను. ఆట మాత్రం ఆపలేదు. అప్పటికి అతన్ని అవుట్ చేసే ప్రయత్నమే మొదలుకాలేదు కదా. అంతా అయ్యాక 'టైమ్' అని ఆట ఆపి థర్డ్ ఇచ్చాను. అదే, అతన్ని అవుట్ చేయడానికి బంతి విసురుతుండగా ఫీల్డర్ అడ్డుపడి ఉంటే అక్కడికక్కడే ఆట ఆపి, కనీసం ఒక బేస్ ఇవ్వాల్సిందే.

"పాపం, కావాలని చేశాడా?" అని గట్టు మీద నుంచి ఒకటే గోల. మనకి క్రికెట్ అలవాటు. అందులో బ్యాటర్ ఫీల్డింగ్‌కి అడ్డం వచ్చినా, ఫీల్డర్ బ్యాటర్‌కి అడ్డం వచ్చినా కావాలని చేశాడా లేదా అని చూస్తారు. బేస్‌బాల్‌లో ఆ ప్రశ్నే లేదు. ఫీల్డర్ చేతిలో బంతి లేదు, బంతిని పట్టే పనిలోనూ లేడు, రన్నర్ పరుగు దెబ్బతింది. అంతే చూస్తాం.

2013 అక్టోబర్ 26న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, అక్కడి బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ ఇలాగే తేలింది. దూకినా బంతి అందక రెడ్ సాక్స్ జట్టులో థర్డ్ బేస్ కాసే మిడిల్‌బ్రూక్స్ నేల మీదే పడి ఉన్నాడు. అవతలి జట్టు కార్డినల్స్ రన్నర్ అలెన్ క్రెయిగ్ అతన్ని తట్టుకుని పడి, లేచి హోమ్‌కి పరుగెత్తాడు. బంతి ముందే వచ్చింది, అయినా సేఫ్. థర్డ్ దగ్గరి అంపైర్ జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ ఇచ్చేశారు. కార్డినల్స్ 5-4తో గెలిచి మ్యాచ్ అయిపోయింది. పడి ఉన్నవాడు కావాలని పడి ఉంటాడా?

అడ్డు లేకపోతే చేరేవాడా అన్నది తేల్చడమే నిజమైన తలనొప్పి. మావాడు థర్డ్‌తో ఆగకుండా ఆశపడి హోమ్‌కి పోయి, పదడుగుల దూరంలో అవుటై ఉంటే నేను కాపాడేవాణ్ని కాదు.

మ్యాచ్ అయ్యాక అవతలి కోచ్ నిలదీశాడు. ముందురోజు వానకి నేల ఇంకా మెత్తగానే ఉంది. తీసుకెళ్లి చూపించాను. బూటు గుర్తులు బారుగా, సమానంగా పోతున్నాయి. ఒకచోట ఒక గుర్తు పక్కకి లోతుగా దిగింది, ఆ తర్వాతి రెండు అడుగులు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆయన వంగి చూసి, ఏమీ అనకుండా కిట్ బ్యాగ్ సర్దుకున్నాడు.

సవరణ వేస్తే ఆ షార్ట్‌స్టాప్ పేరు మాత్రం వేయకండి. వాడు నిజంగానే కావాలని చేయలేదు.

ఇట్లు,
ఆ అంపైర్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా