బీమ్ జారిపోతే కనిపించేదెలా?

ఒరేయ్ చిన్నా,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. "స్విచ్ వేస్తే పనిచేసే యంత్రం దగ్గర నీకేం పనిరా?" అని అడిగావుగా, అదే చెబుతాను.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలోని మా ఫ్రిబ్ (అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న అణువులను, ధారగా పరుగెత్తించే యాక్సిలరేటర్; ఆ ధారే బీమ్) 2022 మేలో మొదలైంది. 46 క్రయోమాడ్యూళ్లలో, అంటే అతిశీతల పెట్టెల్లో, 324 సూపర్‌కండక్టింగ్ కేవిటీలు, అంటే అయాన్లను ముందుకు నెట్టే లోహపు గదులు. వాటిలో ఎక్కువ వాటిని 2 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీల చలిలో ఉంచుతాం. యురేనియం అయాన్లు చివరికి కాంతి వేగంలో సగం దాటేస్తాయి. డిజైన్ ప్రకారం బీమ్ పవర్ 400 కిలోవాట్లు. ఇంత పవర్‌కి కార్బన్ రేకులు తట్టుకోవని, అయాన్ల ఎలక్ట్రాన్లు ఊడదీయడానికి సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో పారే ద్రవ లిథియం పొరను వాడుతున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే!

నా టెన్షనంతా ఆ బీమ్ దారి తప్పినప్పుడు. ప్రోటాన్ లోహంలోకి కాస్త లోతుగా వెళ్లి ఆగుతుంది. యురేనియం అలా కాదురా, పైపైనే ఆగి శక్తంతా అక్కడే గుమ్మరిస్తుంది. లోహం కరిగేంత వేడి పుట్టినా, తక్కువ శక్తి ఉన్న భాగంలో బయటికొచ్చే రేడియేషన్ చాలా తక్కువ. పైగా మా లీనాక్ (బీమ్ పరుగెత్తే యాక్సిలరేటర్ వరస) పేపర్ క్లిప్పులా మడిచి ఉంటుంది. ఎక్కువ శక్తి ఉన్న వరస పక్కనే ఉండడంతో, అక్కడి రేడియేషన్ ఇవతలి డిటెక్టర్లలో కనిపిస్తుంది. బీమ్ జారింది ఏ వరసలోనో ఎలా చెప్పాలి?

అందుకే రేడియేషన్ ఒక్కదాన్నే నమ్మం. ఒకచోట బీమ్ కరెంట్ కొలుస్తాం, ముందుకెళ్లాక మళ్లీ కొలుస్తాం. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో జారిపోయినట్టే. కనిపెట్టడం, ఆపడం, దారిలో మిగిలిన బీమ్ వెళ్లిపోవడం, అన్నీ కలిపి 35 మైక్రోసెకన్లలో అయిపోవాలి.

బీమ్ నెమ్మదిగా కారిపోయే చిన్న నష్టాలు ఇంకా మొండివి. కరెంట్ తేడాలో అవి కనబడవు, కానీ రోజుల తరబడి సాగితే కేవిటీ పాడైపోతుంది. వాటి కోసం బీమ్ చుట్టూ లోహపు రింగులు పెట్టాం. అంచుల్లో తిరిగే అయాన్లు తగిలితే నానోఆంపియర్ల కరెంట్ వస్తుంది. ఆ చిన్న సిగ్నల్‌ని నాయిస్‌లోంచి బయటికి లాగడమేరా నా పని. సిగ్నల్ ఎంత దాటితే బీమ్ ఆపాలో ఆ హద్దు మరీ తగ్గిస్తే యంత్రం ఊరికే ట్రిప్ అవుతుంది, పెంచితే నిజం నష్టం తప్పించుకుంటుంది. ఏ ఫార్ములా చెప్పదు, డేటా ముందు కూర్చోవాల్సిందే.

మొదట్లో 1 కిలోవాట్‌తో ప్రయోగాలు చేశాం. పవర్ పెంచే ప్రతి మెట్టు దగ్గరా ఈ హద్దులన్నీ మళ్లీ చూసుకోవాలి. ఈ రాత్రి నా షిఫ్ట్ అందుకే. వెళ్తున్నా, నీ ఉద్యోగం సంగతులు రాయి.

నీ
రాజు