స్నూకర్ క్లాత్‌ను పాడుచేసిన మీ క్లీనింగ్ స్ప్రేపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్ నారాయణగూడలో ఒక చిన్న స్నూకర్ పార్లర్ నడుపుతున్నాను. రెండు ఫుల్ సైజు స్నూకర్ టేబుళ్లు, ఒక పూల్ టేబుల్ ఉన్నాయి. నేనే దగ్గరుండి చూసుకుంటాను. మా ఇల్లు గడిచేది దీని మీదే. మీ కంపెనీ అమ్ముతున్న టేబుల్ క్లాత్ క్లీనింగ్ స్ప్రే వల్ల నా మెయిన్ టేబుల్ క్లాత్ పాడైపోయింది. అది కూడా మీ మనిషి వచ్చి, తన చేత్తో తుడిచి చూపించినప్పుడే పాడైంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా, మెయిల్ పెట్టినా మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: "మీ క్లాత్ పాతదై ఉంటుంది." ఆ క్లాత్ వేయించి ఏడాది కూడా కాలేదు. ఫిట్టర్ ఇచ్చిన బిల్లు జతచేస్తున్నాను. ఫోన్ ఎత్తినవాళ్లకు చెప్పి ప్రయోజనం లేకపోయింది కాబట్టి, ఈ ఆట తెలిసినవాళ్లు మీ దగ్గర ఒక్కరైనా ఉంటారనే ఆశతో అంతా వివరంగా రాస్తున్నాను.

మీ డబ్బా మీద ఇలా ఉంది: పూల్, స్నూకర్, బిలియర్డ్స్ టేబుళ్లన్నింటికీ పనికొస్తుంది, చాక్ (క్యూ కర్ర కొనకు రాసుకునే రంగు పొడి) మరకలు ఒక్క తుడుపుతో పోతాయి, స్ప్రే చేసి తడిబట్టతో గుండ్రంగా రుద్దాలి, పది నిమిషాల్లో ఆరుతుంది. డెమో ఇవ్వడానికి వచ్చిన మీ ప్రతినిధి ముందు పూల్ టేబుల్ మీద చేసి చూపించాడు. అక్కడ ఇబ్బందేమీ రాలేదు, నీలం గీతలు చాలావరకు పోయాయి. ఆ ధైర్యంతో స్నూకర్ టేబుల్ దగ్గరికి వెళ్లి, డీ (ఆట మొదలుపెట్టే చివర గీసే అర్ధవృత్తం) గీసి ఉన్న చోట స్ప్రే కొట్టి, లేబుల్ మీద ఉన్నట్టే గుండ్రంగా రుద్దాడు. మా మార్కర్ (టేబుళ్లు చూసుకునే కుర్రాడు) "స్నూకర్ క్లాత్ మీద తడి పెట్టకూడదన్నా" అంటూనే ఉన్నాడు. "ఇది స్పెషల్ ఫార్ములా, ఏం కాదు" అని మీ మనిషి కొట్టిపారేశాడు. తడి మీద ఉన్నప్పుడు క్లాత్ రంగు ముదిరి మరకలు అందులో కలిసిపోయాయి కాబట్టి, ఆయన వెళ్లేటప్పుడు అంతా బాగున్నట్టే కనిపించింది. అసలు సంగతి ఆరాక బయటపడింది. రుద్దినంత మేరా చుట్టూ నీలం అంచుతో ఒక పెద్ద మచ్చ మిగిలింది. లోపలంతా నూగు ఉండలు కట్టి, వేలు పెడితే గరుకుగా తగులుతోంది. ఫొటోలు జతచేశాను.

"పూల్, స్నూకర్ రెండూ ఒకటే కదా సార్" అని మీ కస్టమర్ కేర్ వాళ్లు నాతో అన్నారు. ఒకటి కావు. గొడవంతా అక్కడే ఉంది. ఈ రోజుల్లో పూల్ టేబుళ్లకు ఎక్కువగా వేసేది నూగు లేని, నున్నగా బిగువుగా నేసిన క్లాత్. స్నూకర్ టేబుల్‌ది ఉన్ని క్లాత్. దాని మీద నూగు లేపి, అదంతా ఒకే వైపుకు వాలేలా చేస్తారు. టేబుల్‌కు వేసేటప్పుడు ఆ వాలు బాక్ వైపు (డీ ఉండే చివర) నుంచి బ్లాక్ స్పాట్ వైపుకు (నల్ల బంతి పెట్టే అవతలి చివరకు) ఉండేలా చూస్తారు. చేత్తో నిమిరితే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది: అటు వెళ్తే నున్నగా, ఇటు వస్తే గరుకుగా ఉంటుంది. ఆటగాడు ఆ నూగును లెక్కలో పెట్టుకునే షాట్ ఆడతాడు. బాల్ నెమ్మదించే కొద్దీ నూగు ప్రభావం పెరుగుతుంది. నూగుకు ఎదురు వచ్చే నెమ్మది బాల్ చివర్లో పక్కకు జరుగుతుంది.

ఇక మీ మనిషి రుద్దింది ఎక్కడో చూడండి. సేఫ్టీ (ఎదుటివాడికి సులువైన షాట్ దొరకకుండా చేసే ఆట) ఆడినవాడు తెల్ల క్యూ బాల్‌ను ఎర్ర బంతుల దగ్గర్నుంచి వెనక్కి తెచ్చి బాక్ కుషన్ దగ్గర ఆపాలనుకుంటాడు. అంటే బాల్ నూగుకు ఎదురుగా, చాలా నెమ్మదిగా వచ్చే చోటు అదే. యెల్లో, గ్రీన్, బ్రౌన్ బంతులుండేదీ అక్కడే. ఇప్పుడు బాల్ ఆ మచ్చ మీదకు రాగానే ఒకసారి ఆగిపోతుంది, ఒకసారి ఎడమకు తిరుగుతుంది, ఇంకోసారి చిన్నగా ఎగురుతుంది. పోటీలకు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు ఆ టేబుల్ ముట్టుకోవడమే మానేశారు. వాళ్లు ఇంట్లోవాళ్లను ఒప్పించి, ట్యూషన్‌కీ కాలేజీకీ మధ్య దొరికిన గంటలో వచ్చి ఆడేవాళ్లు. అలాంటివాళ్లకు మంచి టేబుల్ లేదని చెప్పాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఎందుకిలా అయిందో కూడా రాస్తాను, ఎందుకంటే మీ లేబుల్ రాసినవాళ్లు ఈ పాటి ఆలోచించినట్టు లేదు. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులు ఉంటాయి. తడి చేసి రుద్దితే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని పోగులు దగ్గరికి ముడుచుకుపోతాయి. ఉన్ని స్వెటర్‌ను మామూలు బట్టల్లా బండకేసి ఉతికితే ఏమవుతుందో ఇదీ అంతే. పైగా ఈ క్లాత్ వదులుగా ఉండదు. స్లేట్ రాళ్ల మీద గట్టిగా లాగి, అంచులు కిందికి మడిచి బిగించి ఉంటుంది. అలా బిగిసి ఉన్న ఉన్ని ఒక్క చోట తడిసి ఆరితే, ఆ ముక్క ఒకలా, చుట్టుపక్కల క్లాత్ ఇంకోలా తయారవుతుంది. గుండ్రంగా రుద్దడంతో నూగు వాలు కూడా పోయింది. ఇన్ని జరిగాక మళ్లీ బ్రష్ చేస్తే సర్దుకుంటుందన్న ఆశ లేదు. ఫిట్టర్‌ను పిలిపించి చూపించాను. క్లాత్ మార్చడం తప్ప దారి లేదన్నాడు.

మరకల సంగతికి వస్తే, ఫోన్‌లో మీవాళ్లు ఇచ్చిన సలహా నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. "చాక్ అంటే బ్లాక్‌బోర్డు సుద్ద లాంటిదే కదా, ఇంకాస్త ఎక్కువ కొట్టి రుద్దండి, నీళ్లకు పోతుంది" అన్నారు. క్యూ చాక్ సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హోస్కిన్స్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి చాక్‌లో ప్రధానంగా వాడుతున్నది సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గరుకు పొడులు. వాటికి రంగూ, జిగురూ కలుపుతారు. ఆ పొడి నీళ్లలో కరగదు. నీళ్లు తగిలితే రంగుతో కలిసి ముద్దలా మారి, నేత సందుల్లోంచి కిందికి దిగి, స్లేట్‌కూ క్లాత్‌కూ మధ్య చేరి గట్టిపడుతుంది. పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో పోయేదాన్ని మీ స్ప్రే శాశ్వతంగా లోపలికి పంపింది. మచ్చ చుట్టూ నీలం అంచు ఏర్పడింది కూడా అందుకే. తడి పాకినంత మేరా రంగును మోసుకుపోయి, ఎక్కడ ఆరిందో అక్కడ వదిలేసింది.

డబ్బా మీద "అన్ని రకాల మచ్చలూ" అని కూడా వేశారు. బ్లాక్, పింక్ స్పాట్ల దగ్గర కనిపించే తెల్ల చుక్కలు మురికి కాదు. బాల్‌ను గట్టిగా కొట్టినప్పుడు ఆ రాపిడికి ఉన్ని కాలిన గుర్తులవి. కాలిపోయిన నూగును ఏ స్ప్రే తిరిగి తేగలదు?

అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట ఇంకొకటుంది: "వారానికోసారి స్ప్రే చేస్తే బ్రషింగ్ అవసరం లేదు." కొత్తగా టేబుల్ కొన్న అపార్ట్‌మెంట్ క్లబ్బులవాళ్లు ఇది చదివి నిజమే అనుకుంటారు. హైదరాబాద్‌లో ఎండాకాలం రోడ్డు దుమ్ము ఎలా లోపలికి వస్తుందో మీకు తెలియంది కాదు. తలుపులు వేసినా, ఏసీ పెట్టినా సాయంత్రానికి కుషన్ల మీద వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ దుమ్ముకు చాక్ పొడి, చేతులకు రాసుకునే పౌడర్ తోడై నేతలోకి దిగితే, బాల్ దొర్లినప్పుడల్లా ఆ గరుకు పొడి ఉన్నిని అరగదీస్తూనే ఉంటుంది. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు క్లాత్ అసలే తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, బాల్స్ నెమ్మదిస్తాయి. అలాంటి రోజుల్లో పైనుంచి ఇంకా తడి చేయమని చెప్పడం ఎంత అన్యాయం!

మా పార్లర్‌లో క్లాత్‌ను ఎలా చూసుకుంటామో చెప్తాను. మా అజాగ్రత్త వల్ల పాడైందని మీరు ఇంకోసారి అనకుండా ఉండటానికి ఇది అవసరం. రాత్రి ఆట అయిపోగానే మార్కర్ మొదట కుషన్ల కింద, పాకెట్ల నోళ్ల దగ్గర చిన్న బ్రష్‌తో దుమ్ము బయటికి లాగుతాడు. తర్వాత పెద్ద బ్రష్‌తో బాక్ వైపు నుంచి బ్లాక్ స్పాట్ వైపుకు తిన్నగా లాగుతాడు. ముందుకూ వెనక్కూ తోమడు, ఎక్కడా గుండ్రంగా తిప్పడు. చివర్లో పోగైన పొడిని ఎత్తేస్తాడు. ఆ తర్వాత క్లాత్ చుట్టిన చెక్క దిమ్మను అదే దిశలో నడిపిస్తే బ్రష్‌కు అందని సన్నపొడి దానికి అంటుకుంటుంది, నూగు కూడా వాలుతుంది. ఇస్త్రీ ఆఖర్న చేస్తాం, అదీ బ్రషింగ్ పూర్తయ్యాకే, లేకపోతే దుమ్ము వేడికి క్లాత్‌కే పట్టేస్తుంది. ఇస్త్రీపెట్టెను ముందు న్యూస్‌పేపర్ మీద పెట్టి చూస్తాం, కాగితం రంగు మారితే ఆ వేడి పనికిరాదు. ఒకే దిశలో ఆపకుండా లాగుతాం, కుషన్ల మీద పెట్టం, లోపలి రబ్బరు దెబ్బతింటుంది. చాక్ విషయంలోనూ కచ్చితంగా ఉంటాం. టేబుల్ మీదకు వంగి రాసుకోవద్దని, పక్కకు తిరిగి రాసుకోవాలని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తాం. చాక్ ముక్కను కుషన్ మీద బోర్లా పెట్టనివ్వం. బాల్స్ రోజూ పొడిబట్టతో తుడుస్తాం, ఎందుకంటే బాల్‌కు అంటిన చాక్ టేబుల్ అంతా తిరిగి మరకలు పెడుతుంది. ఈ పద్ధతులు మేం కనిపెట్టినవి కావు. స్నూకర్ గురించి తెలిసిన ఎవర్ని అడిగినా ఇవే చెప్తారు. మీ లేబుల్ మాత్రం వీటన్నింటికీ వ్యతిరేకంగా ఉంది.

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ ఛాంబర్లెయిన్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడని చెప్తారు. అలాంటి ఆట టేబుల్‌కు వాడే సరుకు ఇక్కడే అమ్ముతూ, స్నూకర్ క్లాత్‌కూ పూల్ క్లాత్‌కూ తేడా తెలియకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

నేను కోరేది ఇది. పాడైన క్లాత్ తీసేసి అదే రకం కొత్త క్లాత్ వేయించే ఖర్చు, ఫిట్టర్ కూలీతో సహా, మీరు భరించాలి. కోటేషన్ జతచేశాను. స్ప్రే కొన్న డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ టేబుల్ ఖాళీగా ఉన్న రోజుల ఆదాయం మా రిజిస్టర్ చూసి లెక్కగట్టాలి, రిజిస్టర్ కాపీలు కూడా పంపుతున్నాను. అంతకన్నా ముఖ్యంగా ఆ లేబుల్ మార్చాలి. నూగున్న ఉన్ని క్లాత్ మీద వాడరాదని పెద్ద అక్షరాలతో, తెలుగులో కూడా ముద్రించాలి. బ్రషింగ్ అవసరం లేదన్న మాట తీసేయాలి. ఇప్పటికే షాపుల్లో ఉన్న డబ్బాల మీద కనీసం స్టిక్కర్ అయినా అంటించాలి. నా డబ్బు వెనక్కి ఇచ్చి, అదే డబ్బాను రేపు సికింద్రాబాద్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇంకో పార్లర్‌వాళ్లకు అమ్మితే నాకు న్యాయం జరిగినట్టు కాదు.

ఇది వ్యాపారం కాబట్టి నేను వినియోగదారుణ్ణి కానని మీ సిబ్బంది ఒకరన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం స్వయం ఉపాధితో, కేవలం జీవనోపాధి కోసం కొన్నవాళ్లు కూడా వినియోగదారులే. సరుకును ఎలా వాడాలో సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని అదే చట్టంలోని 84వ సెక్షన్ చెప్తోంది. ఇక్కడ సూచనలు లేకపోవడం కాదు, ఉన్న సూచనే తప్పు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ దగ్గర్నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. స్నూకర్ టేబుళ్ల పని తెలిసిన మనిషిని పంపి క్లాత్ చూసుకోండి, అప్పటిదాకా దాన్ని తీయించను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఆ తర్వాత హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ మనిషి డెమో ఇచ్చినప్పటి సీసీటీవీ వీడియో నా దగ్గర భద్రంగా ఉంది, అడిగితే కాపీ పంపుతాను.

ఇట్లు,
స్నూకర్ పార్లర్ యజమాని,
నారాయణగూడ, హైదరాబాద్