మిఠాయి కొట్టు గొడవలో ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

మొన్న కార్తీక సోమవారం సాయంత్రం మా బజారులోని మిఠాయి కొట్టులో జరిగిన గొడవ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నలభై సెకన్ల ముక్క. శబ్దం లేదు. ఒకాయన కౌంటరు అద్దం గుద్ది పగలగొట్టడం, ట్రేలు లాగి పడేయడం, పనివాళ్లను నెట్టడం, అంతే. దానికి ముందు ఐదు నిమిషాలూ, తర్వాత ముప్పావుగంటా అందులో లేవు. సాయం చేసినవాళ్లంతా ఆ కనబడని సమయంలోనే ఉన్నారు. వర్తక సంఘం తరఫున, ఆ కొట్టు యజమాని తరఫున వాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాం.

ముందు అసలు సంగతి. ఆయన తాగి లేరు, గంజాయి కొట్టలేదు. పాచి స్వీట్లు అంటగట్టారన్న తగవు లేదు. కొందరు అల్లిన కులం గొడవ అసలే లేదు. షుగరు పడిపోయింది. ఇంతవరకు చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. పేరూ ఊరూ అడగొద్దు. పొద్దున అలవాటుగా షుగరు మాత్ర వేసుకున్నారు, చుక్క చూసేదాకా ఏమీ తినకూడదని ఉపవాసం ఉన్నారు. గ్లిమిపిరైడ్ రకం మాత్రకు మనం తిన్నామా లేదా అన్నదానితో పని లేదు, రక్తంలో చక్కెరను దించే ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటుంది. చక్కెర 70కి దిగువన చెమట, వణుకు, గుండెదడ. 54 కూడా దాటి కిందికి పోతే మెదడుకు చాలదు. మాట ముద్దవుతుంది, అడుగు తడబడుతుంది, ఎదురుగా ఉన్నదెవరో తెలియదు, పట్టుకోబోతే తిరగబడతారు. చూసేవాళ్లకు అచ్చం తాగినట్టే ఉంటుంది.

మొదటి నమస్కారం పక్క మందుల షాపు ఫార్మసిస్టు గారికి. చలికాలం, పైన ఫ్యాను తిరుగుతోంది, అయినా గొడవ చేస్తున్నాయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. తాగిన వాసన లేదు. ఆ రెండూ కలిపి చూసిన ఒకే ఒక్క మనిషి ఈయన. ముగ్గురు కుర్రాళ్లు చేతులు విరిచి పట్టుకోబోతుంటే ఆపారు. అందరినీ రెండు బారలు వెనక్కి జరిపి, తానొక్కరే నెమ్మదిగా మాట్లాడుతూ, గాజు పెంకులు లేని వైపు స్టూలు వేయించి కూర్చోబెట్టారు. నలుగురూ నాలుగు వైపుల నుంచి అరిస్తే ఆ స్థితిలో మనిషికి ఏదీ అర్థం కాదు, భయపడి ఇంకా కొడతాడు.

తర్వాత జరిగినది షుగరు ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలియాలి. వేలు గుచ్చి చూస్తే మీటరు మీద 212 వచ్చింది. "షుగరు ఎక్కువైందిరా, ఏమీ పెట్టకండి" అని వెనక నుంచి ఎవరో అరిచారు కూడా. ఫార్మసిస్టు గారు నమ్మలేదు. జిలేబీ ట్రే లాగినప్పుడు వేళ్లకు పాకం అంటింది. గుచ్చిన చోట ఆ పాకం రక్తపు బొట్టులో కలిస్తే మీటరు దాన్నీ లెక్కేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే పాకం పూర్తిగా పోదు. చెంబుతో నీళ్లు పోసి వేళ్లు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఇంకో వేలు పక్కన గుచ్చారు. 43. ఆ 212ను పట్టుకుని ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

టీ కొట్టు బాబాయి అప్పటికే గ్లాసులో పంచదార కలుపుకొచ్చారు. ఫార్మసిస్టు గారు దాన్ని పక్కన పెట్టించి, షుగరు పడిపోయినాయన జేబులోని మాత్రల స్ట్రిప్పు చూశారు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోస్ కూడా కలిసిన మాత్ర. వోగ్లిబోస్, అకార్బోస్ పేగుల్లో పంచదార విడిపోవడాన్ని అడ్డుకుంటాయి, అందుకని అవి వాడేవాళ్లకు పంచదార నీళ్లు వెంటనే అందవు, గ్లూకోజు పొడే కావాలి. అవి వాడనివాళ్లకు పంచదారైనా పనిచేస్తుంది. మిఠాయి కొట్టులో నిలబడి గ్లూకోజు కోసం పక్క షాపుకు పరిగెత్తడమేమిటని కామెంట్లలో నవ్వినవారికి ఇంకో మాట: లడ్డు, మైసూర్‌పాక్‌లలో నెయ్యి ఉంటుంది, అది చక్కెరను ఒంటికి ఆలస్యంగా అందనిస్తుంది. అరగ్లాసు నీళ్లలో సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాల పొడి కలిపి, ఆయన చేతే మెల్లగా తాగించారు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంట ఆగి చూస్తే 61. మళ్లీ అంతే ఇచ్చారు. ఇంకో పావుగంటకు 94. తేరుకోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఈ అద్దం ఎవరు పగలగొట్టారు?" అని.

తేరుకున్నారు కదా, ఆటో ఎక్కించి ఇంటికి పంపేద్దాం అన్నది మాలోనే కొందరి మాట. 108లో వచ్చిన టెక్నీషియన్ గట్టిగా కాదన్నారు, ఆయన చెప్పిందే నిజం. ఈ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది, రాత్రి నిద్రలో మళ్లీ పడిపోవచ్చు. చేతిలో దిగిన గాజు ముక్కను లాగకుండా, చుట్టూ గుడ్డ పెట్టి కట్టు కట్టి తీసుకెళ్లినందుకు కూడా కృతజ్ఞతలు.

ఇక వీడియో సంగతి. దాచడం దేనికి, అది బయటికి పోయింది మా వైపు నుంచే. డీవీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె) తెర మీద ఆడుతుంటే ఎవరో ఫోనుతో తీశారు. మూలన రాత్రి 9:47 అని ఉండటంతో "బారు నుంచి నేరుగా వచ్చాడు" అని తేల్చేశారు. అప్పుడు సాయంత్రం ఆరు కూడా కాలేదు. డీవీఆర్‌లో బటన్ సెల్ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం తప్పుతోంది. కెమెరాల మెకానిక్ తమ్ముడు ఆ రాత్రే వచ్చి, ఫోను టైముతో పక్కపక్కన ఫొటో తీసి తేడా రాసిపెట్టి, ఆ తర్వాతే సెల్ మార్చాడు. ముందే టైము సరిచేసి ఉంటే పాత రికార్డుకు లెక్క దొరికేది కాదు. డిస్కు నిండితే పాతది చెరిగిపోతుంది గనక మొత్తం గంటన్నర రికార్డును పెన్ డ్రైవ్‌లోకి తీసి, హాష్ విలువ (ఫైలు ఏ కాస్త మారినా మారిపోయే, ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తు) రాసి ఇచ్చాడు. రేపు కోర్టులో చూపాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో అది అడుగుతారు. పనివాళ్లకు వేరే లాగిన్ కూడా పెట్టాడు, ఇకపై పాత రికార్డింగు యజమాని మాత్రమే చూడగలరు.

వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు ప్రత్యేకంగా. వేరేవాళ్లు పెట్టినదాన్ని కూడా అడ్మిన్ తన గ్రూపులో అందరికీ కనబడకుండా తీసేయగలడు, మీరు తీసేశారు. ఆయన బండి నంబరు కనబడే ముక్కను ముందు తీసినవారికి ఇంకా ఎక్కువ రుణపడ్డాం. వీడియో పెట్టిన కుర్రాడు దాన్ని తొలగించి ఊరుకోకుండా, "నేను రాసింది తప్పు" అని అదే చోట, వీడియో మళ్లీ జోడించకుండా రాశాడు. అతన్ని ఇక తిట్టకండి.

అద్దాల షాపు వారు కూలి తీసుకోలేదు. మామూలు అద్దం కత్తుల్లా పగిలిందని ఈసారి టఫెన్డ్ (కాల్చి గట్టిపరిచిన) అద్దం వేస్తున్నారు. దాన్ని కాల్చాక కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు గనక కొలతలు రెండుసార్లు తీసుకున్నారు, రావడానికి వారం పడుతుంది. ఆ రోజు తెరిచి ఉన్న ట్రేలన్నీ పారబోశాం. పాకంలో పడిన గాజు రవ్వ కంటికి కనబడదు.

కొత్త గ్లూకోమీటరు, గ్లూకోజు డబ్బా ఆ మందుల షాపు గల్లా పక్కనే ఉంటాయి, బజారులో ఎవరికైనా ఎప్పుడైనా. మీటరులో పెట్టే స్ట్రిప్పుల సీసా తెరిచిన తేదీ దాని మీదే రాశాం. తీసుకున్నాక మూత బిగించండి, చెమ్మ తగిలితే పాడైపోతాయి.