హొబోకెన్‌లో ఒక న్యాయం, నది దాటితే ఇంకో న్యాయం

సంపాదకులకు నమస్కారం.

"సైడ్‌వాక్ (ఇంటి ముందు ఫుట్‌పాత్) మీద స్నో తీయకపోతే కేసు పడుతుందా?" డిసెంబర్ వచ్చిందంటే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మా ఎడిసన్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. తీయకపోతే ఎవరో జారిపడి మన ఇల్లు రాయించుకుంటారని ఒకరు భయపెడతారు. తీస్తేనే ఇరుక్కుంటాం, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. న్యూజెర్సీలో సొంత ఇంట్లో ఉండేవాళ్ల వరకు ఈ రెండు మాటలూ తప్పే. మీ ప్రవాస పేజీ చదివేవాళ్లలో ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లు, కొట్టు పెట్టినవాళ్లు, పిల్లల్ని చూడటానికి వచ్చే పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

సొంత ఇంట్లో కాపురం ఉండేవాళ్లకు ఇంటి ముందు పబ్లిక్ సైడ్‌వాక్ మీద దానంతటది పడ్డ మంచుకు నష్టపరిహారం కట్టే బాధ్యత ఈ రాష్ట్రంలో లేదు. తీసి పక్కకు పోసింది కరిగి మళ్లీ గడ్డకట్టినా లేదు. ఫోలీ వర్సెస్ ఉల్‌రిచ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1967లోనే ఈ విషయం తేల్చింది. కాబట్టి పార పట్టుకోవడానికి భయం అక్కర్లేదు. మనంతట మనం కొత్త ప్రమాదం తెచ్చిపెడితే మాత్రం సంగతి వేరు. కప్పు మీది నీళ్లు దిగే గొట్టం మూతి కొందరు తెలియక సైడ్‌వాక్ వైపు తిప్పేస్తారు. మధ్యాహ్నం కారిన నీళ్లు రాత్రికి బ్లాక్ ఐస్ (కంటికి ఆనని పల్చటి మంచుగడ్డ పొర) అవుతాయి. అది ఆకాశం నుంచి పడ్డ మంచు కాదు, మనం పోసిన నీళ్లు. ఇక మున్సిపాలిటీ ఫైన్ అంటారా, అది పూర్తిగా వేరు. మంచు పడ్డాక పగటి వేళ లెక్కన 12 గంటల్లోగా తీయాలని ఊళ్లు నిబంధన పెట్టుకునే వీలు రాష్ట్ర చట్టంలో ఉంది. తీయనందుకు ఫైన్ పడొచ్చు, కానీ అంతమాత్రాన జారిపడ్డ మనిషికి మన మీద దావా హక్కు రాదు.

కొట్టు ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. వాణిజ్య ఆస్తి యజమాని తన ముందున్న సైడ్‌వాక్‌ను బాగుగా ఉంచాలని 1981లో, అందులో మంచు తీయడం కూడా భాగమేనని 1983లో కోర్టు చెప్పింది. 2024లో ఖాళీగా పడి ఉన్న వాణిజ్య స్థలాల్ని కూడా అందులో చేర్చింది. మంచు కురుస్తుండగానే తీయనక్కర్లేదు, తుఫాను ఆగాక తీస్తే సాధారణంగా చాలని 2021లో కొంచెం ఊరట ఇచ్చింది, అంతే. ఇద్దరు మనుషులతో నడిచే దోసెల కొట్టయినా సరే, తుఫాను ఆగాక మంచు తీసి, గడ్డ కరగడానికి ఉప్పు చల్లాల్సిందే. అందులో నాకు అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం పెద్ద కాండో సముదాయాల గురించి, అంటే ఎవరి ఫ్లాట్ వాళ్లకు సొంతమై, ఉమ్మడి స్థలాల్ని ఓనర్ల అసోసియేషన్ చూసుకునే భవనాల గురించి. మా రాష్ట్రంలోనే ఉన్న హొబోకెన్‌లో 104 ఫ్లాట్ల కాండో ముందు ఐస్ మీద జారిపడిన ఒకాయన కేసులో, అది నివాస భవనం కాబట్టి పబ్లిక్ సైడ్‌వాక్ విషయంలో దానికి బాధ్యత లేదని 2011లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఏకగ్రీవం కూడా కాదు. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసుకునే అసోసియేషన్, దానికో మేనేజ్‌మెంట్ కంపెనీ, మంచు తీయడానికి కాంట్రాక్టర్, అన్నీ ఉన్న భవనమది. కొట్టువాడైతే ఖర్చును వ్యాపారంలో సర్దుకోగలడన్నది 1981 నాటి తీర్పు వెనకున్న ఒక ఆలోచన. 104 ఇళ్ల మీద పంచుకోగలిగిన అసోసియేషన్‌కు అది ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు. హడ్సన్ నది దాటి న్యూయార్క్ సిటీకి వెళ్లండి. అక్కడ 2003 నుంచి సైడ్‌వాక్ బాధ్యత పక్కనున్న ఆస్తి యజమానిదే. మినహాయింపు యజమాని కూడా ఉంటున్న ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇళ్లకే. అదే 104 ఫ్లాట్లు అటు ఒడ్డున ఉంటే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

2015లో ఇంకో మలుపు. సముదాయం లోపలి ప్రైవేటు నడకదారులకు మాత్రం అసోసియేషనే బాధ్యత వహించాలని అదే కోర్టు చెప్పింది. ఫలితం ఎలా ఉందో చూడాలంటే మంచు పడ్డ మర్నాడు ఏ పెద్ద కాండో దగ్గరికైనా వెళ్లి నిలబడండి. లోపల పార్కింగ్, మెట్లు, నడకదారి మంచు లేకుండా శుభ్రంగా ఉంటాయి. గేటు బయట మూలమీద, రోడ్డు దాటడానికి సైడ్‌వాక్ దిగే చోట, రోడ్డు మీది మంచు తోసే ప్లౌ బండి నెట్టిన గుట్ట నడుమెత్తున ఉంటుంది. ఎండకు అది కరిగి వాలు మీదుగా పారుతుంది, పొద్దుగూకాక గడ్డకడుతుంది. పోయిన శీతాకాలం గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన సరిగ్గా అలాంటి మూలలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తడి అనుకుని అడుగేశానన్నారు. కొడుకు లాయర్‌ని అడిగితే కాండో మీద కేసు నిలవదన్నాడు. మంచు విషయంలో ఊరికి కూడా చట్టం గట్టి రక్షణే ఇచ్చింది. పైగా ఊరి మీద క్లెయిమ్ వేయాలన్నా మామూలుగా 90 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మెడికేర్ (ఇక్కడి పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉండదు. తీసుకొచ్చిన ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుందో బిల్లులు వచ్చాకే తెలుస్తుంది. ఈలోగా ఇంటిల్లిపాదికీ టెన్షన్.

సొంత ఇళ్లవాళ్ల మీద కూడా ఈ భారం వేయమని నేను అనడం లేదు. డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషిని పార పట్టనందుకు కోర్టుకీడ్చడం భావ్యం కాదు, వాళ్లకు ఫైన్ చాలు. కానీ ఒక సంఖ్యకు మించి ఫ్లాట్లుండి, మెయింటెనెన్స్ వసూలు చేసే సముదాయాలను మంచు విషయంలో వాణిజ్య ఆస్తులతో సమానంగా చూడాలని రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో శాసనసభ చట్టం చేయాలి. మెయింటెనెన్స్ పెరుగుతుంది, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుంది, నిజమే. నాకూ కాండో ఉంది, ఆ పెంపు నేనూ కడతాను.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. అసోసియేషన్ బోర్డుల్లో ఇప్పుడు మనవాళ్లు చాలామంది ఉన్నారు. స్నో కాంట్రాక్టు సంతకం ముందు అందులో గేటు బయటి సైడ్‌వాక్, ఆ మూలలూ ఉన్నాయో లేదో ఒక్కసారి చదవండి. లేకపోతే రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ