నమ్మడం, నమ్ముకోవడం

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఇక ఎవర్నీ నమ్మను నాన్నా, మీ సింహాచలం అప్పన్నని కూడా" అన్నావు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ళు నీతో ఒకే రూమ్‌లో ఉన్న పిల్ల, నీ జీతం డబ్బు అప్పుగా తీసుకుని ఫోన్ ఎత్తడం మానేస్తే కడుపు మండదా? నువ్వు మూడో క్లాసులో ఉండగా, నాతో కలిసి షెడ్డు పెట్టిన మనిషి బోట్లవాళ్ళు ఇచ్చిన అడ్వాన్సులన్నీ పట్టుకుని వెళ్ళిపోయాడు. మీ అమ్మ గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఆ తర్వాత ఆర్నెల్లు నేను ఎవరి చేతికీ స్పానర్ కూడా ఇవ్వలేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బోటు ఇంజన్ ఒక్కడి వల్ల దిగేది కాదు తల్లీ. చివరికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. వాడికి ముందు పనిముట్లు, కొన్నాళ్ళకి షెడ్డు తాళం, ఏడాది తిరిగాక డబ్బు పెట్టె ఇచ్చాను. వాడు ఇప్పటికీ మనతోనే ఉన్నాడు.

మన తెలుగులో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. పళ్ళవాడి తూకాన్ని నమ్ముతాం. రైతు భూమిని నమ్ముకుంటాడు, మన హార్బర్ వాళ్ళు గంగమ్మని నమ్ముకుంటారు. నమ్మడానికి ఒక లెక్క ఉంటుంది: మొన్న ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా, లేదా అని. నమ్ముకున్నచోట ఆ లెక్క ఉండదు, మనల్ని మనం అప్పజెప్పుకోవడమే.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం కదా. అది అయ్యాక బోట్లు కదిలే రాత్రి, బోటు నడిపే మన ముసలి సరంగుని చూడాలి నువ్వు. బోటుకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు దండం పెడతాడు. కళ్ళు తెరవగానే నన్ను కేకేస్తాడు. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, లైటు కింద పట్టుకుని ఆయిల్ గీత చూస్తాడు. "ఇంకోపాలి స్టార్ట్ చెయ్యి" అని చెవి ఒగ్గి వింటాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంజన్ పని చేస్తున్నది నేనే. అయినా నాకు ఎప్పుడూ కోపం రాలేదు. గంగమ్మకీ వచ్చి ఉండదు.

హుద్‌హుద్ గుర్తుందా, 2014 అక్టోబరు 12? కిటికీ అద్దాలు పగిలిపోతుంటే మీ అమ్మ నిన్ను ఒళ్ళో దాచుకుని నరసింహస్వామిని తలుచుకుంటూ కూర్చుంది. కానీ తుఫాను హెచ్చరిక విని, ముందురోజే ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి పెట్టింది. కరెంటు లేని ఆ రోజుల్లో మనం తాగింది ఆ నీళ్ళే.

ఇక అప్పన్న సంగతి. ఏడాదంతా సింహాచలంలో మనకి కనిపించేది స్వామికి పూసిన చందనమే. నిజరూపం వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజే. అయినా రోజూ మెట్లెక్కి ఆ చందనానికే దండం పెట్టి వస్తాం. అలా చూడకుండా మొక్కేది స్వామికి. అప్పు అడిగిన మనిషిని మాత్రం చూసి, అడిగి, కాగితం రాయించుకుని ఇవ్వాలి. నువ్వు ఆ పిల్లకి కళ్ళు మూసుకుని ఇచ్చేశావు, ఇప్పుడు స్వామిని లెక్క అడుగుతున్నావు. నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నా షెడ్డు పోయినప్పుడు నేనూ కొండకి వెళ్ళడం మానేశాను. ఆ రోజుల్లో నాకు రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

డబ్బు పంపిన వివరాలు, మెసేజ్‌లు చెరిపేయకు. శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాను. ఇద్దరం ఆ పిల్ల వాళ్ళింటికి వెళ్దాం. వాళ్ళకి ఏం కష్టం వచ్చిందో, ముందు నెమ్మదిగా అడుగుదాం. అమ్మ కొండ మీది చందనం పొట్లం కట్టి ఇచ్చింది. పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం నీ ఇష్టం. నేనైతే సంచిలో వేసుకుని వస్తున్నాను.

నాన్న