గర్భసంచితో పాటు అండాశయాలు కూడానా?

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీలో ఆడవారి హార్మోన్లపై వచ్చిన వ్యాసం బాగుంది. కానీ నెలసరి, గర్భం దగ్గరే ఆగిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది.

మా వదినకు 38 ఏళ్లకే ఫైబ్రాయిడ్లని (గర్భసంచిలో గడ్డలు) గర్భసంచి తీసేశారు. అండాశయాలు రెండూ తీసేశారని డిశ్చార్జి కాగితం చూస్తేగానీ ఇంట్లో ఎవరికీ తెలీలేదు. ఆస్పత్రిలో అడిగితే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకవి?" అన్నారు. నెల తిరక్కుండానే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. చలికాలంలో కూడా అర్ధరాత్రి లేచి, తడిసిన బట్టలు మార్చుకుని ఫ్యాన్ కింద కూర్చునేది. టెన్షన్ వల్లేమో అనుకున్నాం.

పిల్లలు పుట్టాక అండాశయాలతో పనేముంటుంది అనేవారు ఒకటి గమనించాలి. అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎముకల అరుగుదలను అదుపులో ఉంచుతుంది. రక్తనాళాలకు, మూత్రమార్గం లోపలి పొరకు, ఒంటి వేడిని సరిచూసే మెదడు భాగానికి కూడా అది కావాలి. ఆమాటకొస్తే మగవారికీ కావాలి. ఈస్ట్రోజెన్ ఉన్నా శరీరం దాన్ని అందుకోలేని ఒక 28 ఏళ్ల యువకుడి గురించి 1994లో వైద్యులు రాశారు. ఆ వయసులోనూ అతని ఎముకలు పొడవు పెరుగుతూనే ఉన్నాయి, అయినా గుల్లబారాయి.

నెలసరి మామూలుగా 45-55 ఏళ్ల మధ్య ఆగుతుంది, హార్మోన్ కూడా మెల్లగా తగ్గుతుంది. ఆపరేషన్‌తో అయితే ఒక్కసారిగా పడిపోతుంది. 45 లోపే ఇలా జరిగితే ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది. అందుకే రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేనివారికి, కనీసం నెలసరి సహజంగా ఆగే వయసు వరకు హార్మోన్ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

"హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుంది" అన్న భయం చాలావరకు 2002లో అమెరికాలో ఆపేసిన ఒక అధ్యయనం నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆ లెక్క తెచ్చి 38 ఏళ్ల మనిషికి అంటగట్టడం ఏం వైద్యమో నాకర్థం కాదు.

రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికి అండాశయాలు తీయడమే మేలు కావచ్చు, కాదనను. కానీ ఆ కారణం ముందే చెప్పాలి. ఆపరేషన్ అంగీకార పత్రంలో గర్భసంచికి ఒక సంతకం, అండాశయాలకు వేరే సంతకం తీసుకోవాలి. డిశ్చార్జి కాగితంలో ఏమేం తీశారో, తర్వాత ఏం వాడాలో ఆమెకు తెలిసిన భాషలో రాసివ్వాలి. దీన్ని ఆరోగ్య శాఖ తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకురాలు